ఐసు ఎడిల్సా లైను తెంచుకున్న వైనం

ఎడిల్సా కాంతిల్యో కింద నుంచి నిచ్చెన లాగేసినప్పుడు పైనున్న మనిషి చేతిలో పట్టకారు అలాగే ఉంది. దానితో సహా వచ్చి బురదలో పడ్డాడు. మోకాలు పక్కకు తిరిగిపోయింది. అతను కరెంటు కంపెనీ పంపిన మనిషి. బిల్లు బాకీ పడినందుకు మా వాడ లైను కత్తిరించడానికి వచ్చాడు. అతని అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది. కంపెనీ బండి అద్దాలు పగిలిపోయాయి. కాపలాగా వచ్చిన పోలీసుల్లో ఒకడికి రాయి తగిలి చెవి తెగి వేలాడింది. ఎడిల్సాను జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. పడేసే లోపల ఆమె ఇంకో పోలీసు చేతిని కసిక్కున కొరికి కండ ఊడబీకింది.

ఆమెను ఠాణా నుంచి విడిపించి తెచ్చింది నేను. నా పేరు ఎలియోదోరో బాంకెస్. నది ఒడ్డు పల్లెలో నాలుగో తరగతి దాకా చదివాను, అంతకు మించి అక్కడ తరగతులు లేవు. మడచెట్లు నరికి, చెత్తా మట్టీ పోసి, నీళ్లలో ఈ వాడను లేపినవాళ్లలో నేనొకడిని. ఇక్కడ నాటిన మొదటి కరెంటు స్తంభం నా భుజం మీద వచ్చింది. మంచినీళ్ల గొట్టం కోసం మేయరు గది గుమ్మంలో అడ్డంగా పడుకున్నాను, నన్ను దాటి ఒక్కరినీ పోనివ్వలేదు. బడికి రేకులు వేయించాను. వాడ సంఘానికి అధ్యక్షుడిగా మళ్లీ మళ్లీ నన్నే ఎన్నుకున్నారు, నాకు పోటీగా నిలబడినవాడు తన భార్య ఓటు కూడా తెచ్చుకోలేకపోయాడు. ఇంత చేసినవాడిని కాబట్టి ఈ వాడలో ఎవరి బతుకు రాయదగ్గదో నాకు తెలుసు. ఎడిల్సా బతుకు రాయదగ్గది. ఆమె రెండో కూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాను, అందుకే నన్ను కొంపాద్రె అంటుంది.

ఆమె మాకు ఎగువన చేపలు పట్టుకునే పల్లెలో పుట్టింది. పదహారేళ్లకే నెమేసియో అనేవాడితో పడవెక్కి వచ్చేసింది. వాడు మంచి వలగాడు, చెడ్డ తాగుబోతు. తాగితే కొట్టేవాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, పులుసు కుండను కాలితో తన్నినందుకు, ఆమె తెడ్డు తీసుకుని వాడి ముందుపళ్లు రాలగొట్టింది. ఆ తర్వాత వాడు తాగాడు గాని కొట్టలేదు. కొన్నేళ్లకు వల దొంగతనం తగాదాలో రేవులోనే ఎవరో వాణ్ణి పొడిచి చంపారు. ఎడిల్సాకు మిగిలినవి ఇద్దరు ఆడపిల్లలు, ఒక పడవ, దాని మోటారు.

పడవను అద్దెకిచ్చి, రెండు పెద్ద ఫ్రీజర్లు కొని ఐసు వ్యాపారం పెట్టింది. చేపలవాళ్లకు దిమ్మలు, పిల్లలకు చింతపండు రసం పోసి గడ్డకట్టించిన గొట్టాలు. పొద్దున్నే రేవు నుంచి మనుషులు గోనెసంచులు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడేవాళ్లు. ఆమె దిమ్మను గునపంతో ఒక్క పోటు పొడిస్తే సరిగ్గా రెండు చెక్కలయ్యేది. ఎవరైనా ముక్క చిన్నదని గొణిగితే గునపం వాడి వైపు తిప్పి, "నువ్వు పొడుచుకుంటావా, నన్ను పొడవమంటావా?" అనేది.

మా వాడకు ఇంటింటికీ మీటరు లేదు. మూల మీద స్తంభానికి వాడ మొత్తానికి ఒకే మీటరు. వచ్చిన బిల్లును గడపకింత అని సమానంగా పంచుకుంటాం. బల్బు ఒక్కటే ఉన్న ముసలమ్మా అంతే కడుతుంది, మూడు ఫ్యాన్లున్నవాడూ అంతే కడతాడు. ఈ పద్ధతి పెట్టింది నేనే. దానివల్ల ఏళ్ల తరబడి ఎవరూ ఎవరి ఇంట్లోకీ తొంగిచూడలేదు. కాని కంపెనీ ధర పెంచుతూ పోయింది. నిచ్చెన గొడవ అయ్యాక పాత బాకీకి జరిమానా కూడా కలిపింది. అప్పుడు అందరి కళ్లూ ఎడిల్సా ఫ్రీజర్ల మీద పడ్డాయి.

సంఘం సభలో లేచి మాట్లాడినవాడు ఎబెర్తో. వాడిది పీకో. మా తీరంలో పీకో అంటే మనిషి కంటే ఎత్తైన స్పీకర్ల గోడ, ముందు వైపంతా రంగుల బొమ్మలు. వాడి పీకో మీద నోరు తెరిచిన మొసలి బొమ్మ ఉంటుంది, పేరు కూడా పిచ్చి మొసలి. శని, ఆదివారాలు మూల మీద అది మోగుతుంటే ఇళ్ల రేకులు అదురుతాయి, కడుపులో పేగులు కదులుతాయి. మా వాడ పిల్ల నడక నేర్చేది దాని ముందే, పెళ్లికొడుకు పెళ్లికూతుర్ని చూసేదీ దాని ముందే.

"వాడ కరెంటంతా ఆవిడ డబ్బాల్లో గడ్డకడుతోంది!" అన్నాడు ఎబెర్తో. "మనం కట్టేది, ఆవిడ అమ్ముకునేది. రెండు వాటాలు కట్టాలి."

"రెండు కడతాను. నీ మొసలి ఎన్ని కడుతుంది?" అంది ఎడిల్సా.

సభంతా గొల్లుమంది. పీకోకు లెక్క కట్టడమేమిటి? చర్చి గంటకు లెక్క కట్టమన్నట్టుంది వాళ్లకు. ఎబెర్తో మాత్రం నవ్వలేదు.

"మొగుణ్ణి మింగినదానివి, నాతో లెక్కలా?"

ఎడిల్సా చేతిలోని సీసా వాడి చెవి పక్కగా వెళ్లి గోడకు పగిలింది. వాడి తమ్ముడు ఓస్నైదెర్ కుర్చీ విసిరాడు. అది గురితప్పి చేపల ఉబాల్దో వీపు మీద పడింది. ఉబాల్దో లేచి అందినవాణ్ణి అందినట్టు గుద్దాడు. నేను బల్ల మీదికెక్కి అరిస్తేగాని ఆగలేదు. అంత గందరగోళంలోనూ చేతులెత్తించి తీర్మానం రాయించాను: ఎడిల్సాకు రెండు వాటాలు.

ఆమె నెల నెలా రెండు వాటాలు కట్టింది. ఎండాకాలం చివర్లో ఒకరోజు పడవ మోటారు అమ్మేసింది. మూతపడిన రొయ్యల చెరువుల దగ్గర సోలార్ పలకలు పాతవి అమ్ముతున్నారని విని, గాడిద బండి మీద తెచ్చింది. కూతుళ్లిద్దరూ వాటిని పైకి అందిస్తుంటే తనే రేకుల మీద బిగించింది. నాకు కోపం వచ్చింది. నేను భుజాన మోసిన స్తంభాన్ని వద్దనడమంటే నన్ను వద్దనడమే. వెళ్లి వాకిట్లో నిలబడ్డాను.

"ఏంటమ్మా ఈ వేషం? మోటారు అమ్ముకుని అద్దాలు కొంటావా?"

"కూర్చో కొంపాద్రె. అరవకు, నీకసలే రక్తపోటు." ఉడికిన కర్రపెండలం, వేయించిన చేప ముందు పెట్టింది. "లెక్క నువ్వే చెప్పు. లైను ఖరీదెంత?"

"నెలకొచ్చే బిల్లెంతో అంత."

"కాదు. కరెంటు రోజూ పోద్దా లేదా? పోయినప్పుడల్లా నా ఐసు నీళ్లవుద్ది. ఆ నీళ్లకి కూడా నేను డబ్బు కట్టినట్టే కదా! చేపలు కుళ్లితే అదొకటి. కరెంటు తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగదన్ని మోటారు కాలితే అదొకటి. పోయినేడు రెండుసార్లు కాలింది. ఇవన్నీ కలిపితే లైను ఖరీదు. మీరు బిల్లు కాగితం ఒక్కటే చూస్తారు."

"నీ పలకలకు మాత్రం ఖర్చుండదా? బ్యాటరీ మూడు నాలుగేళ్లకు చస్తుంది. అక్టోబరు వానల్లో సూర్యుడు మొహం చూపించడు. లైను అలా కాదు. పోయినా మళ్లీ వస్తుంది."

"బ్యాటరీ చస్తుందనే చిన్నది కొన్నా. ఫ్యానుకీ దీపాలకీ చాలు. ఐసుకి బ్యాటరీ ఎందుకు? పగలు ఎండకి రాయిలా గడ్డకడుతుంది. పొద్దుగూకాక మూత తియ్యను. పైన రంపప్పొట్టు, దుప్పట్లు. నా ఐసే నాకు బ్యాటరీ. వానల్లో సగమే అమ్ముతా, అది కూడా వేసుకున్నా. రెండు వాటాలు కట్టే బదులు ఆ డబ్బు ఇటు పెడితే ఏడాదిన్నరలో పలకల ఖరీదు తీరిపోద్ది. ఆ పైన సూర్యుడు నాకు బిల్లు పంపిస్తాడా?"

"ఆ ఏడాదిన్నరలో నిన్నెవడూ కొట్టి చంపకపోతే."

"అది కూడా లెక్కలో వేశా," అని చేప ముల్లు తీసి నా పళ్లెంలో ఇంకో ముక్క పెట్టింది.

మర్నాడు కరెంటు పోయిన వేళ చూసి స్తంభం నుంచి తన ఇంటికి వచ్చే తీగను తెంచి, చుట్ట చుట్టి సంఘం గుమ్మంలో పడేసింది. ఇక నా వాటా అడగొద్దు అంది. వాడలో ఎవరూ అలా చేయలేదు. దొంగతనంగా తగిలించుకున్నవాళ్లను చూశాం గాని, కావాలని తెంచుకున్నదాన్ని చూడలేదు.

ఆ నెల బిల్లు వచ్చింది. ఫ్రీజర్లు లైను మీద లేవు కాబట్టి సగానికి పడిపోతుందని ఇంటింటా ఎదురుచూశారు. పడలేదు, ఏదో కొద్దిగా తగ్గింది. ఎడిల్సా కట్టే రెండు వాటాలూ పోయాయి కాబట్టి గడపకు వచ్చేది ఇంకా పెరిగింది. అప్పుడు పుట్టింది పుకారు: పలకలు పైకి వేషమే, ఎడిల్సా రోడ్డు కింద తీగ పాతిపెట్టి మన కరెంటే లాగుతోంది అని. పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. మొసలి నోట్లో పుట్టింది.

ముందు రాళ్లు పడ్డాయి. బడి నుంచి వస్తుంటే ఎవరో చిన్న కూతురి తల పగలగొట్టారు. ఎడిల్సా ఆ రక్తం తుడిచిన గుడ్డను కర్రకు కట్టి గుమ్మం మీద జెండాలా నిలబెట్టింది. తర్వాత ఆమె కుక్కకు విషం పెట్టారు. చివరికి ఎబెర్తో తానే వచ్చి చెప్పాడు, "ఆదివారం మధ్యాహ్నంలోగా ఆ పలకలు దించి, తీగ తగిలించుకుని, రెండు వాటాలకీ ఒప్పుకో. లేదంటే మేమే దించుతాం."

"పలకలు దిగితే నా ఐసు పోద్ది. ఐసు పోతే నా పిల్లలు నీ పీకో ముందు అడుక్కోవాలి. నువ్వొచ్చి దించు. ఎన్ని కాళ్లతో తిరిగెళ్తావో చూస్తా," అంది ఎడిల్సా.

ఆదివారం వచ్చారు. మూల మీద పిచ్చి మొసలి చెవులు పగిలేలా మోగుతోంది. సగం మంది బీరు మీద ఉన్నారు. చేతుల్లో పారలు, ఇనపకడ్డీలు. కూతుళ్లను పక్కింటి ముసలమ్మ దాదీ గోడ దాటించి తీసుకుపోయింది. నేను కుర్చీ తీసుకుని ఎడిల్సా గుమ్మంలో వేసుక్కూర్చున్నాను. మేయరును ఆపినవాణ్ణి, వీళ్లను ఆపలేనా అనుకున్నాను.

"తప్పుకో దోన్ ఎలియో. నీ మీద గౌరవముంది," అన్నాడు ఓస్నైదెర్.

"గౌరవముంటే ఆ కడ్డీ కింద పడెయ్యరా. ముందు తీగ వెతకండి. దొరికితే పలకలు నేనే దించుతా."

తవ్వారు. గుమ్మం ముందు, పెరట్లో, రోడ్డుకు అడ్డంగా పొడుగూతా తవ్వారు. పాత టైరు దొరికింది, కుక్క బొమికలు దొరికాయి. తీగ దొరకలేదు. చెమటా సిగ్గూ కలిసి వాళ్లకు ఇంకా కోపం తెప్పించాయి. ఎవరు విసిరారో, ఒక రాయి వచ్చి నా నుదుటి మీద పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, అడిగినవాళ్లకు చూపిస్తాను. కళ్లలోకి రక్తం దిగింది గాని కుర్చీలోంచి లేవలేదు.

ఈలోగా ఓస్నైదెర్ వెనక గోడెక్కి రేకుల మీదికి చేరాడు. కడ్డీతో ఒక పలకను పొడిచాడు. గాజు నెర్రెలిచ్చి, రవ్వలు రవ్వలుగా వీధిలోకి రాలింది. ఎడిల్సా తెడ్డు పట్టుకుని నిచ్చెనెక్కి వాడి పిక్క మీద కొట్టింది. ఎముక పటుక్కుమనడం కింద ఉన్న నాకు వినిపించింది. వాడు దొర్లుకుంటూ చేపలు కోసే బల్ల మీద పడి, బల్లను రెండు చెక్కలు చేశాడు. ఆమె దిగుతుండగానే ఎబెర్తో ఎదురెళ్లి మొహం మీద గుద్దాడు. ఒక పన్ను ఊడి నేల మీద పడింది. ఇంకో గుద్దుకు కన్ను మూసుకుపోయింది. ఆడవాళ్లలో ఒకామె, "చాలురా, చచ్చిపోతుంది!" అంటుంటే ఇంకొకామె, "చావనీ, నా బిల్లు ఎవడు కడతాడు?" అంటోంది.

ఎడిల్సా మోకాళ్ల మీద పాకి, విరిగిన బల్ల కిందనుంచి చేపలు నరికే మచ్చుకత్తి తీసింది. జనం చీలిపోయారు. ఎబెర్తోను నరుకుతుందనే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. వాడు వెనక్కి వెనక్కి నడిచి తన తవ్వకంలో తనే పడ్డాడు. ఆమె వాణ్ణి దాటిపోయింది. మూల మీదికి పరుగెత్తింది. స్తంభం నుంచి పీకోకు దిగే లావుపాటి కేబుల్ మీద, చెక్కపిడి రెండు చేతులా పట్టుకుని, ఒక్క వేటు వేసింది.

నీలంగా ఒక మంట లేచింది. కత్తి సగం కరిగి ఎగిరిపోయింది. ఆమె వెల్లకిలా పడింది. కుడిచేయి మోచేతి దాకా కాలింది, బుగ్గ మీద రాగి చుక్కలు అంటుకుని పొగలొచ్చాయి. పాట ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం మా వాడలో పాట ఆగడం నేనెప్పుడూ వినలేదు. దూరంగా రేవులో కొంగలు అరవడం కూడా వినిపించింది.

ఆమె పడుకున్నచోటు నుంచే నెత్తుటి నోటితో అరిచింది.

"గుడ్డోళ్లారా! మీటరు చూడండి! దీపం చూడండి!"

ఆ మీటరుకు ఒక ఎర్ర దీపం ఉంటుంది. కరెంటు ఎంత లాగితే అది అంత వేగంగా కొట్టుకుంటుంది. ఆ దీపం ఎప్పుడూ ఆరకుండా వెలిగేదని మేమంతా అనుకునేవాళ్లం. శని, ఆదివారాల్లో దాని కింద గంతులేసేవాళ్లం గాని మామూలు రోజుల్లో ఎవడు చూశాడు? ఇప్పుడది ఒకసారి వెలిగి, ఆగి, నిద్రపోయేవాడి గుండెలా మళ్లీ ఒకసారి వెలుగుతోంది. ఇళ్లలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పోయింది పీకో ఒక్కటే.

ఉబాల్దో టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఓరి దేవుడా, మన డబ్బు తాగింది మొసలిరా!"

జనం తలలు పైకెత్తి చూస్తుండగా ఎబెర్తో గోతిలోంచి లేచొచ్చాడు. వాడికి దీపం కనబడలేదు, తెగిన కేబుల్ కనబడింది. స్పీకరు కింద పెట్టే ఇనపకాలు ఊడబీకి ఎడిల్సా కాలిన చేతి మీద కొట్టాడు. రెండు వేళ్లు విరిగాయి. ఆమె అరుపు విన్నాక గాని వాడకు కదలిక రాలేదు. వచ్చాక ఆగలేదు. ఇందాక ఎడిల్సాను కొట్టడానికి వచ్చినవాళ్లే వాడి మీద పడ్డారు. చెప్పులు, పారకర్రలు, పిడికిళ్లు. వాడి తల రెండుచోట్ల పగిలింది, పక్కటెముకలు విరిగాయి. నేను రక్తం కారుతున్న నుదుటితో మధ్యలో పడి లాగకపోతే చచ్చేవాడు. అది కూడా నేను చేసిన పనుల్లో రాసుకోవాలి. ఎడిల్సానూ ఎబెర్తోనూ ఓస్నైదెర్‌నూ ఒకే చేపల లారీలో ఆస్పత్రికి పంపాను. దారంతా ఒకరినొకరు తిట్టుకుంటూ వెళ్లారట.

వాళ్లు తిరిగొచ్చాక సభ పెట్టాను. ఎడిల్సా చేయి మెడకు కట్టుకుని, ఎబెర్తో తలకు గుడ్డ చుట్టుకుని కూర్చున్నారు.

"మొసలి మోగాలా, ఆగాలా? మోగితే దాని కరెంటు ఎవరు కడతారు?" అని అడిగాను.

 మా వాడలో అందరికంటే బీద అయిన దాదీ లేచింది, ఆమె ఇంట్లో ఒక్క బల్బే. "పాట లేకపోతే ఆదివారం దేనికయ్యా? నా వాటా నేను కడతా. మోగనియ్యండి."

ఒక్కొక్క చెయ్యే లేచింది. పీకోను వదులుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. దాని ఖర్చు తెలిసే, గడప గడపా పంచుకుంటామన్నారు. ఎబెర్తో తలగుడ్డ సర్దుకుంటూ నేల చూశాడు. ఎడిల్సా వంతు వచ్చింది.

"మీ పాట, మీ ఖర్చు. నేను ఎటూ నా ఇంట్లోంచే వింటా, ఊరికే వస్తుందిగా," అంది. "నన్ను లెక్కలోంచి తియ్యండి. నా కప్పు మీదికి ఇంకెవడైనా ఎక్కితే ఈసారి కేబుల్ దాకా వెళ్లను."

తీసేశారు. పగిలిన పలకకు బదులు ఎబెర్తో ఇంకోటి ఇవ్వాలని తీర్మానం రాయించాను. వాడు డబ్బు చేతికివ్వలేదు. రొయ్యల చెరువుల దగ్గరికి తనే వెళ్లి పలక తెచ్చాడు. విరిగిన పక్కటెముకలతో మూలుగుతూ రేకుల మీదికెక్కి బిగిస్తుంటే వీధంతా చూస్తూ నిలబడింది. ఎడిల్సాకు కుడిచేతి రెండు వేళ్లు ఇక ముడుచుకోవు, గునపం ఎడమచేత్తో పట్టడం నేర్చుకుంటోంది. అయినా ఆ పొద్దు దిమ్మలన్నీ అమ్మేసి, కింద నిలబడి పైకి చూస్తోంది.

"ఇంకొంచెం దక్షిణం వైపు తిప్పరా, గాడిదా. ఎండ అటు కదా ఉండేది."

వాడు ఏదో తిట్టు నోట్లోనే నమిలి, తిప్పాడు.